మిరప కల్లంలో ఆరిన తివాచీ

వినుకొండలో మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ చూసుకుని, మధ్యాహ్నం బస్సెక్కి నరసరావుపేటలో దిగి, ఆటోలో మా వీధి మలుపు తిరిగేసరికి ఎదురింటి పిన్ని తన గేటు దగ్గర నిలబడి ఉంది. నా కోసమే కాచుకుని ఉందని మొహం చూడగానే తెలిసింది. ఎవరింట్లో ఏం జరిగినా ఆ కబురు ఇంకొకరి నోటి నుంచి బయటికి రాకూడదు ఆమెకు.

"ఇప్పుడా అమ్మాయ్ రావటం? మీ మెట్ల మీంచి నీళ్లు వాగు పారినట్టు పారినయ్. మీ ఆయన చీపురు పట్టుకున్నాడు తల్లీ, నా కళ్లతో నేను చూశా," అంది.

నీళ్ల మాట కన్నా చీపురు మాటకే నాకు గుండె జారింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన చీపురు ముట్టుకోవడం నేను చూసింది ఒక్కసారే. అది కూడా తేలును కొట్టడానికి తిరగేసి పట్టుకున్నారు.

లోపలికి వెళ్తే హాలంతా చిత్తడి. సోఫా కింద నీళ్లు, టీవీ బల్ల కింద నీళ్లు. మా ఆయన లుంగీ ఎగగట్టి ఆ నీళ్లను వరండాలోకి నెడుతున్నారు. మేస్త్రీ పుణ్యమా అని మా వరండా వాలు హాలు వైపే ఉంది కాబట్టి అవి మళ్లీ లోపలికే వస్తున్నాయి. హాలు నిండా మా ఎర్రటి ఉన్ని తివాచీ, తాగినన్ని నీళ్లు తాగి ఉబ్బిపోయి ఉంది. దాని మీద కాలు పెడితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు పైకి ఉబికాయి.

"ఏందిది?" అన్నాను.

"ట్యాంకు పొర్లింది," అన్నారు, తప్పంతా ట్యాంకుదే అన్నట్టు.

ట్యాంకు పొర్లడం ఏ ఇంట్లో అయినా ఉండేదే. పొర్లిన నీళ్లు డాబా తూములోంచి వీధిలో పడతాయి, ఎదురింటి పిన్ని అరుస్తుంది, మనం వెళ్లి మోటారు కట్టేస్తాం. మా ఇంట్లో అలా జరగలేదు. ఎందుకంటే విత్తనానికని ఏరిపెట్టిన మిరపకాయల్ని మా ఆయన డాబా మీద ఆరబోశారు. రొంపిచర్ల దగ్గర మా పొలంలో చదును చేసిన కల్లం ఉంది, కోసిన కాయంతా అక్కడే ఎండుతోంది, అయినా విత్తనం కాయ మాత్రం ఎప్పుడూ కళ్లెదురుగా ఉండాలట. ఆ కాయలు గాలికి దొర్లి తూములోంచి జారిపోతాయని, తూములో గోతం ముక్కను గట్టిగా కుక్కారు. ఆ రోజు మోటారు వేశారు. వేయగానే ఫోను మోగింది. మా ఊరి పంచాయతీ రాజకీయం. ఎవరు ఎటు తిరిగారో, ఎవరిని ఎవరు తిప్పారో మాట్లాడుకుంటూ వీధి చివర టీ బంకు దాకా వెళ్లిపోయారు. ఈలోగా డాబా చెరువయింది. అది నిండాక నీళ్లు మెట్లదారి పట్టాయి. మెట్లు తిన్నగా హాల్లోకే దిగాలని పట్టుబట్టి కట్టించిందీ ఆయనే.

తిరిగొచ్చి ముందు ఎటు పరిగెత్తారో అడగనక్కర్లేదు. డాబా మీదికే, కాయలెత్తడానికి.

ఇంకా అరిచేదాన్నే కానీ, లోపలి గదిలోంచి మా అత్త గొంతు వినబడింది.

"ఏమే, వచ్చావా? ఏందే ఇది, కాలు పెడితే వరిమడిలో పెట్టినట్టుంది?"

వెళ్లి చూస్తే మంచం మీద రెండు కాళ్లూ పైకి ముడుచుకుని కూర్చుని ఉంది. చీర అంచు తడిసి ఉంది. అంటే ఒకసారి దిగి, రెండడుగులు వేసి, దారి తెలియక మళ్లీ మంచం ఎక్కిందన్నమాట.

ఇక్కడ మా అత్త సంగతి చెప్పాలి, లేకపోతే ఒక తివాచీకి ఇంత గోలేమిటని మీరనుకుంటారు. ఆమె మా ఆయనకు తల్లి, నాకు మేనత్త. నీటికాసులు వచ్చి ఆమె చూపు మెల్లమెల్లగా పోయింది. ఇప్పుడు వెలుగుందా, చీకటి పడిందా అన్నది తప్ప ఇంకేమీ తెలియదు. ఊళ్లో పాత ఇంట్లో ఉన్నన్నాళ్లు బయటివాళ్లు ఆ సంగతి కనిపెట్టలేకపోయారు. ఆ ఇంటి నేలంతా నాపరాళ్లు. రాయికీ రాయికీ మధ్య సందు, వంటింటి గడప దగ్గర అరిగిన చోటు, దేవుడి గది ముందు గరుకు రాయి, అన్నీ ఆమె అరికాళ్లకు తెలుసు. గబగబా తిరిగేది. మేము పేటలో కొత్త ఇల్లు కట్టి, నున్నటి టైల్స్ వేయించి, ఎంతో గొప్పగా ఆమెను తీసుకొచ్చి హాల్లో నిలబెట్టాం. ఆమె వరండాకని బయల్దేరి వంటింట్లోకి పోయి ఫ్రిజ్‌కు కొట్టుకుంది.

"ఇల్లంతా ఒకటే బండ. యాడున్నానో కాలికి తెలియట్లా," అంది నుదురు రుద్దుకుంటూ.

అప్పుడు కొన్నాం ఈ తివాచీ. ఈ ఎండల్లో ఉన్ని తివాచీ ఏమిటని చుట్టాలు నవ్వారు. నవ్వనీ. ఆమె గది గుమ్మం సరిగ్గా ఆ తివాచీ అంచుకే తెరుచుకునేట్టు పరిచాం. ఆ అంచు వెంట కుడివైపు పోతే బాత్రూము, ఎడమవైపు పోతే వరండా. వరండాలో ఆమె కుర్చీ ఉంటుంది. పొద్దున కాఫీ తాగి ఆ కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేది. వీధిలో పోయేవాళ్లను నడకను బట్టి గుర్తుపట్టి పిలిచేది. పాలవాడితో తగువు, ఎదురింటి పిన్నితో రాజకీయం, కూరల బండివాడితో బేరం. బేరం ఆమెది, సంచీ పట్టుకుని నిలబడటం నాది. ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపించబోతే మాత్రం విదిలించి కొట్టేది.

"నేనేమన్నా గంగిరెద్దునా, పట్టుకుని తిప్పటానికి?" అనేది.

కాబట్టి ఆ తివాచీ ఆరి మళ్లీ హాల్లో పడేదాకా మా అత్తకు ఇల్లంటే ఆ మంచమే. నా బాధంతా అది. మా ఆయనకు మాత్రం అదొక తడిసిన గుడ్డ, అంతే.

తడిసిన ఉన్ని బరువు మోస్తే గానీ తెలియదు. చుట్టబోతే చుట్టుకోదు, లాగబోతే కదలదు. మా ఆయన, నేను, ఎదురింటి బాబాయి, నన్ను దింపిన ఆటో అతను, అందరం కలిసి నడుములు పడిపోయేట్టు మోసి దాన్ని ప్రహరీ గోడ మీద వేశాం. ఎదురింటి పిన్ని గేటు దగ్గరే నిలబడి ఎవరు ఎటు తిరగాలో చెప్పింది. ఆ సాయంత్రానికి తివాచీలోంచి కారిన ఎర్రనీళ్లు కొత్తగా సున్నం వేసిన గోడ మీద చారలు కట్టాయి. చూసినవాళ్లంతా ఏటపోతును కోశారా అని అడగటం మొదలుపెట్టారు.

మర్నాటికి పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంది. లోపలికి వేళ్లు దూరిస్తే మాత్రం చల్లగా తడి తగిలింది. ఆ మర్నాడు వాసన మొదలైంది. వానలో తడిసిన గొర్రెల మంద పక్కనుంచి వెళ్లినవాళ్లకు ఆ వాసన తెలుసు. మందైతే దాటి వెళ్లిపోతాం, ఇది మా గోడ మీదే ఉంది.

ఇక సలహాలు. ఉప్పు చల్లమన్నారు ఒకరు. వేపాకు పొగ వేయమన్నారు ఇంకొకరు. ఇస్త్రీ పెట్టెతో రుద్దమంది పిన్ని, హాలంత తివాచీని. బట్టలు ఉతికే షాపుకు వెళ్లి అడిగితే, చీరలు, కోట్లు అయితే తీసుకుంటాం గానీ ఇంతది మా దగ్గర పట్టదమ్మా, గుంటూరు పంపాలి, వాళ్లు ఎప్పుడిస్తారో మాకు తెలియదు అన్నారు. మా ఆయన సోఫాలో కూర్చుని ఫోనులో ఏదో వీడియో వెతికి నాకు చూపించారు. అందులో ఒకతను ఏదో మెషీన్‌ను తివాచీ మీద నడుపుతుంటే నీళ్లు గొట్టంలోంచి సర్రున బయటికి పోతున్నాయి.

"చూడు, ఎంత తేలిగ్గా పోతన్నయ్యో," అన్నారు.

"ఆ మెషీన్ యాడుంది?"

"అదేదో దేశంలే."

ఆ ఫోనును తీసుకెళ్లి ఆ తడి తివాచీలోనే చుట్టిపెట్టాలనిపించింది.

కొత్తది కొనడానికీ ప్రయత్నించాను. పేటలో దొరికినవన్నీ పల్చటివి, కింద రబ్బరు పూసినవి. ఒకటి తెచ్చి పరిస్తే, మా అత్త కాలు వేయగానే అది టైల్ మీద జర్రున జారింది. నేను భుజం పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. పట్టుకున్నందుకు నాకు తిట్లు, జారినందుకు తివాచీకి తిట్లు.

"ఇది తివాచీ కాదే, అరటి తొక్క. తీసెయ్," అంది.

తీసేశాను. ఆ రోజుల్లో నేను గుమ్మంలో నిలబడి "అత్తా, బాత్రూముకు వస్తావా?" అని అడిగితే, "ఇప్పుడేం వద్దులే, నీ పని చూసుకో," అనేది. పొద్దున ఒకసారి, చీకటి పడేవేళ ఒకసారి మాత్రం నా చెయ్యి పట్టుకుని, పళ్లు బిగించి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లొచ్చేది. వయసు మీద పడ్డాక ఆమె కూడా సర్దుకుపోవడం నేర్చుకుందిలే అనుకున్నాను. మంచం పక్కన చెంబు నిండా నీళ్లు పెట్టేదాన్ని. ఎప్పుడు చూసినా చెంబు ఖాళీగానే ఉండేది.

వాసన భరించలేక వీధివాళ్లు మొహం మీదే అడగటం మొదలుపెట్టాక మా ఆయనకు ఉత్సాహం వచ్చింది.

"అసలు దీన్ని మనం కల్లంలో ఆరెయ్యాల. ఎండబెట్టటం ఎట్టాగో పల్నాడు వాళ్లకి ఇంకోడు చెప్పాలా? రొండు రోజులు పడేస్తే ఫెళఫెళలాడుద్ది," అన్నారు.

ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. మా వైపు మనుషులకు తడి ఏదైనా, దాని దారి కల్లమే. వడ్లు తడిసినా, దూది తడిసినా, పుస్తకాలు తడిసినా తీసుకెళ్లి కల్లంలో పరుస్తారు. పైగా కాయంతా టిక్కీ బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి పంపేశారు, కల్లం ఖాళీగా ఉంది. ఒక్కటే చెప్పాను, బాగా ఊడిపించమని.

"ఊడిపిస్తాలే. నాకు తెలియదా ఏంది?"

ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని తీసుకెళ్లారు. మిరపకాయలకు చేసినట్టే దానికీ అన్ని మర్యాదలూ చేయించారట. పొద్దున ఒకవైపు, మధ్యాహ్నం ఇంకోవైపు తిరగేయించారు. మంచు పడుతుందని పొద్దుగూకగానే పట్టా కప్పించారు. తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో తివాచీ పక్కన, దానికి కాపలా అన్నట్టు తానే కూర్చుని వచ్చారు. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా ఆరింది. గొర్రెల వాసన పోయింది. చుట్ట విప్పితే దానంతటదే పరుచుకుంది. వీధివాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. మా ఆయన మొహంలో వెలుగు చూడాలి.

"దిగమ్మా, నడువు," అన్నారు తల్లితో.

మా అత్త మంచం దిగింది. గుమ్మం దాటి అంచు మీద పాదం పెట్టగానే ఆమె మొహం మారిపోయింది. నడుము కూడా నిటారు అయింది. ఎడమవైపు తిరిగి గబగబా నాలుగడుగులు వేసి, అక్కడితో ఆగక, వంగి రెండు చేతులతోనూ తివాచీని తడిమి చూసుకుంది. ముద్దొచ్చిన పిల్ల తల నిమిరినట్టు నిమిరింది. ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాను వేశారు.

ముందు తుమ్మింది ఎదురింటి బాబాయి. తర్వాత పిన్ని. తర్వాత గదిలో ఉన్న అందరం ఒకరి మీద ఒకరు పడుతూ తుమ్ములు, దగ్గులు. ఘాటు గొంతులోకి దిగి ఊపిరాడలేదు. కల్లం ఊడ్పించిన మాట నిజమే. కానీ ఏళ్ల తరబడి మిరపకాయలు ఎండిన నేల అది. ఆ మట్టిలోనే కారం ఉంది. తివాచీని తిప్పి తిప్పి ఆరేసి, దాని రెండు వైపులా ఆ కారాన్ని పట్టించుకొచ్చారు మా ఆయన.

మా అత్త మడమలకు పగుళ్లు. ఆ పగుళ్లలోకి కారం దిగి, "అబ్బా, కాళ్లే కాళ్లు," అని అరిచింది. దగ్గుకు కళ్లలో నీళ్లొస్తే, తివాచీని నిమిరిన ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

ఆమెను ఎత్తినట్టుగా తీసుకెళ్లి పంపు కింద కూర్చోబెట్టి, కళ్ల మీద నీళ్లు కొట్టాను. చూపు లేని ఆ కళ్లకు మంట మాత్రం మనందరికీ ఉన్నంతే ఉంది. ఎంతసేపు కడిగినా "ఇంకా కొట్టు, ఇంకా కొట్టు," అంటూనే ఉంది. కడుగుతూనే హాల్లోకి వినబడేట్టు మా ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, "ఊడిపించాను గదా, ఊడిపించాను గదా," అంటున్నారు.

"వాణ్ణేమనబాకే," అంది మా అత్త, కళ్లు మూసుకునే. "ఆరటం మాత్రం బాగా ఆరింది."

ఆ ఇంట్లో నాకు ఎవరి మీద ఎక్కువ కోపం రావాలో కూడా తేల్చుకోలేకపోయాను.

ఇక దాన్ని ఉతకటం మొదలైంది. డాబా మీదికి ఎక్కించి, తూములో గోతం ముక్క తీసి పారేసి, గొట్టంతో నీళ్లు కొట్టాం. అరచేతులు మండాయి. మజ్జిగ రాసుకుని మళ్లీ కొట్టాం. కారం పోయిందో లేదో ఎలా తెలియాలి? నాలుకతో తాకి చూశాను. వయసొచ్చిన ఆడదాన్ని, డాబా మీద మోకాళ్ల మీద కూర్చుని తివాచీని నాకుతుంటే, పక్కింటి డాబా మీద బట్టలారేస్తున్న అమ్మాయి తీగ మీద చీర వదిలేసి అట్లాగే నిలబడిపోయింది. ఏమనుకుందో ఈ రోజుకీ అడగలేదు. చివరికి నాలుకకు ఉన్ని రుచి తప్ప ఏమీ తగలని రోజు వచ్చింది. మంచాలు నిలబెట్టి, కింద గాలి ఆడేట్టు వాటి మీద వేసి ఆరబెట్టాం. కారం పోయింది గానీ అప్పటికే తివాచీ కూడా పోయింది. కింద అంటించిన గుడ్డ పొరలు పొరలుగా ఊడిపోతోంది. మధ్యలో ఎక్కడ గీరినా ఉన్ని గోటికి వచ్చేస్తోంది. గట్టిగా మిగిలింది ఒక అంచు వైపు కొంత, అంతే.

ఆ ఆరబెట్టే హడావిడిలోనే మా అత్తకు జ్వరం వచ్చింది. పొట్ట కింద నొప్పి అంది. ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ పరీక్ష చేయించి నన్ను తప్పు చేసిన పిల్లను చూసినట్టు చూసింది.

"ఈవిడ నీళ్లు తాగటం లేదు. అందుకే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మీరెవరూ చూసుకోరా?"

రోజుకు ఎన్ని చెంబులు నింపానో నాకే తెలుసు. ఇంటికి వచ్చి, ఆమెను పడుకోబెట్టి, కిటికీ తలుపు తీయబోయి బయటికి చూశాను. తివాచీ గొడవలో పడి నేను మొక్కలకు నీళ్లు పెట్టడమే మానేశాను. పెరడంతా ఎండిపోయి నెర్రెలు విడిచింది. ఆమె కిటికీ కిందున్న కరివేపాకు చెట్టు మొదలు మాత్రం బురద బురదగా ఉంది. చెట్టేమో కళకళలాడుతోంది.

"అత్తా, చెంబులో నీళ్లు కిటికీలోంచి పారబోస్తన్నావా?"

నిద్రపోయినట్టు నటించబోయింది. నేను కదలకపోయేసరికి తప్పలేదు.

"తాగితే లేవాల గదే. లేస్తే నిన్ను పిలవాల."

"పిలిస్తే ఏమయిద్ది? నేనెప్పుడన్నా రానన్నానా?"

"నువ్వొస్తావు. అందుకే పిలవలా. ఒకసారి పిలవటం మరిగితే ఇంక ఈ కాళ్లు నా మాట ఇనవ్."

నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. ఇంత పెంకితనం ఏ తల్లి కన్న బిడ్డకు ఉంటుంది? ఒక మాట నాతో చెబితే ఏం పోయింది? ఆసుపత్రి పాలయితే ఎవరు చేస్తారు, నేను కాదా? అన్నీ ఆమె మొహం మీదే అనేశాను. ఆమె విని, "అయిపోయిందా?" అని అటు తిరిగి పడుకుంది. నేను తిన్నగా డాబా ఎక్కాను.

కత్తెరతో కోస్తే తెగలేదు. కత్తిపీట తెచ్చి, దాని మీద కాలు వేసి కూర్చుని, ఆనపకాయ కోసినట్టు ఆ తివాచీని కోయటం మొదలుపెట్టాను. మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు.

"అట్టా కోయబాక! మొత్తం పాడయిద్ది!"

"ఇప్పుడు పాడవకుండా మిగిలిందేందో చూపించు బావా. ఆ చివర పట్టుకో, గట్టిగా."

పట్టుకున్నారు. గట్టిగా ఉన్న భాగం మూరెడు వెడల్పున ఒక పట్టీ తేలింది. దాన్ని తెచ్చి, రెండు వైపులా అంటుకునే టేపుతో టైల్స్‌కు బిగించి, మంచం దగ్గర నుంచి గుమ్మం మీదుగా బాత్రూము దాకా పరిచాం. అంతకు సరిగ్గా సరిపోయింది. నడుము పట్టేసింది, చేతులు బొబ్బలెక్కాయి, అయినా గెలిచానన్నంత సంతోషం వేసింది నాకు.

జ్వరం తగ్గాక మా అత్త దిగింది. పట్టీ మీద అడుగు పెట్టి, మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగి, ఎడమ కాలు పక్కకు చాపి వేళ్లతో వెతికింది. మళ్లీ వెతికింది. టైల్ తప్ప ఏమీ తగలలేదు.

"ఇటు లేదా?"

"చాల్లేదత్తా. బాగున్న ముక్క ఇంతే తేలింది. ముందు బాత్రూము ముఖ్యం గదా."

తగువు పడుతుందని సిద్ధంగా ఉన్నాను. ఈ ఇల్లు కట్టినప్పటి నుంచి ఆమె తగువు పడని విషయం లేదు. ఆమె మాత్రం చాపిన కాలు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఔన్లే. అదే ముఖ్యం. అయితే నాకింక బాత్రూము దాకానే అన్నమాట," అంది.

కోపం లేదు ఆ గొంతులో. నన్ను అనాలని అన్నదీ కాదు. ఇంట్లో ఏ సామాను ఎక్కడ సర్దారో తెలుసుకున్నట్టు అనుకుంది, అంతే. బాత్రూముకు కూడా వెళ్లకుండా తిరిగి మంచం మీద కూర్చుంది.

వంటింట్లోకి వెళ్లి గట్టు పట్టుకుని నిలబడ్డాను. అన్నం తినటానికి ఒక గది, పడుకోవటానికి ఒక గది, ఉత్తినే ఉండటానికి ఒక హాలు ఉన్న ఇంట్లో, ఒక మనిషికి అవసరమైనది ఏమిటో నేను తేల్చాను, ఆమె ఒప్పుకుంది. మా అత్త నా మాట కాదనకుండా ఒప్పుకున్న మొదటి సంగతి అది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే కత్తిపీట తీసుకుని హాల్లోకి వచ్చి, కష్టపడి అంటించిన టేపంతా పీకేశాను.

మా ఆయన నా మొహం చూసి, తానే వచ్చి రెండో చివర పట్టుకుని కూర్చున్నారు. ఆ మూరెడు పట్టీని ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలువునా చీల్చాను. కళ్ల నిండా నీళ్లు, కత్తి ఎటు పోతోందో సరిగ్గా కనబడలేదు. వెడల్పు సగమైంది, ఒక పాదం మాత్రమే పడుతుంది. పొడవు రెట్టింపయింది. ఒక ముక్క బాత్రూము దాకా వేశాం, రెండోది గుమ్మం దగ్గర దాంతో కలిపి వరండా వైపు తిప్పి వేశాం. కుర్చీకి రెండడుగుల ఇవతల అయిపోయింది. కుర్చీనే ఇటు జరిపాం.

ఆమెకు ఏమీ చెప్పలేదు. పొద్దున కాఫీ ఇచ్చి, నేను వంటింట్లో పనిలో ఉన్నట్టు చప్పుడు చేస్తూ, తలుపు పక్క నుంచి చూస్తున్నాను. మా అత్త దిగింది. గుమ్మం దగ్గరకొచ్చి కుడివైపు తిరగబోతూ, ఎడమ మడమకు ఉన్ని తగిలి ఆగింది. వేళ్లతో అటూ ఇటూ తడిమింది. గోడ మీద ఒక చెయ్యి ఆనించి, పాదం వెనక పాదం వేసుకుంటూ, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అటు బయల్దేరింది. సగం దూరం పోయాక నిలబడింది.

"ఏమే! ఇక్కడ వంకర పోయిందేం?"

నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు.

"ఏడుస్తా కోశా. వంకర పోక ఏమయిద్ది?"

"ఎవరి మీద ఏడుపు?"

"నీ మీదే."

ఆమె వంకర ఉన్నచోట కాలు జాగ్రత్తగా తిప్పి వేసి, వరండాలోకి వెళ్లి, కుర్చీ చేతులు తడుముకుని కూర్చుంది. కాసేపు వీధి చప్పుళ్లు విన్నది. తర్వాత ఎదురింటికి వినబడేట్టు గొంతెత్తింది.

"ఏమమ్మోయ్, మా కోడలు తివాచీ కోసింది, వచ్చి చూడు! ఒక్క జానెడన్నా తిన్నగా కోసిందేమో చూడు!"

నాకు ఒళ్లు మండిపోయింది. చెంబు నిండా మంచినీళ్లు ముంచుకుని వెళ్లి ఆమె చేతిలో పెట్టి, ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. చెంబు ఖాళీ అయ్యేదాకా లేవలేదు.